ఇంటి విషాలు: ప్రమాదాలు, నివారణ

నిర్వచనం, పరిధి

తెలియకనో, పొరపాటునో, ఏమరుపాటునో హానికర పదార్థం ఒంట్లోకి చేరి ఆరోగ్యం దెబ్బతినడాన్ని ప్రమాదవశాత్తు విషప్రభావం అంటారు. ఆత్మహత్యాయత్నాలు, కావాలని విషం పెట్టడం, మత్తు కోసం వాడటం ఈ పరిధిలోకి రావు. విషం నోటి ద్వారా, ఊపిరి ద్వారా, చర్మం ద్వారా, కళ్ల ద్వారా లోపలికి వెళ్తుంది. ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం మింగడం వల్లే.

వీటి బారిన ఎక్కువగా పడేది ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. పాకే వయసులో, తప్పటడుగుల వయసులో కంటికి కనిపించిన ప్రతిదీ నోట్లోకి వెళ్తుంది. పదికిలోల బరువున్న బిడ్డకు ఒక గుక్క చేసే హాని, అరవై కిలోల మనిషికి ఆరు గుక్కలు చేసే హానితో దాదాపు సమానం. చూపు మందగించి, రోజూ నాలుగైదు రకాల మాత్రలు వేసుకునే వృద్ధులు రెండో వర్గం. పురుగుమందులు కొట్టే రైతులు, కూలీలు, వారి ఇళ్లలోని వారు మూడో వర్గం.

పదార్థాలు వేరైనా చాలా ప్రమాదాల్లో ఒక సంగతి పదేపదే తగులుతుంది. విషం తన సొంత డబ్బాలోంచి తాగునీటి సీసాలోకో, తిండి పాత్రలోకో మారి ఉంటుంది, లేదా తిండి పక్కనే ఉంటుంది. నివారణ గురించి ఆలోచించేవారు మొదట చూడాల్సింది ఇదే.

చరిత్ర

ఇంటి విషాల మీద తొలి చట్టాల్లో ఒకటి అమెరికాలో 1927లో వచ్చింది. సబ్బు తయారీకి, మురుగు కాలువలు శుభ్రం చేయడానికి వాడే కాస్టిక్ సోడా మింగి పిల్లల అన్నవాహికలు కాలిపోతుంటే, ఆ పిల్లలకు చికిత్స చేసిన గొంతు వైద్యుడు షెవలియర్ జాక్సన్ ఏళ్ల తరబడి పోరాడి, డబ్బాలపై 'విషం' అన్న హెచ్చరిక తప్పనిసరి చేయించాడు. 1953లో షికాగోలో తొలి విష సమాచార కేంద్రం మొదలైంది. ఏ డబ్బాలో ఏ రసాయనం ఉందో, దానికి విరుగుడు ఏమిటో ఫోన్లోనే చెప్పే వ్యవస్థకు అది నాంది.

కెనడాలోని విండ్సర్ నగరంలో పిల్లల వైద్యుడు ఆన్రీ బ్రో, మాత్రలు మింగి ఆసుపత్రికి వచ్చే పిల్లలను చూసి విసిగి, నొక్కి తిప్పితే తప్ప తెరుచుకోని మూతను 1967లో ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికా 1970లో చట్టం చేసి ఇలాంటి మూతలను తప్పనిసరి చేసింది. 1972లో అక్కడ మందులు, ఇంటి రసాయనాల వల్ల చనిపోయిన ఐదేళ్ల లోపు పిల్లలు 216 మంది. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య నాలుగో వంతుకు దిగువకు పడిపోయింది. తల్లిదండ్రులు రాత్రికి రాత్రే మారిపోలేదు. ప్రధానంగా మారింది మూత.

భారతదేశంలో మలుపు 1958లో వచ్చింది. బొంబాయి నుంచి కొచ్చిన్‌కు వచ్చిన ఓడలో గోధుమపిండి బస్తాలతో పాటు ఫాలిడాల్ అనే పారాథియాన్ పురుగుమందును కూడా వేశారు. మందు కారి పిండిలో కలిసింది. ఆ పిండి తిని కేరళలో వంద మందికి పైగా మరణించారు. దాని మీద జరిగిన విచారణే చివరికి 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టానికి దారి తీసింది.

చట్టం వచ్చినా అలవాటు పోలేదు. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. నూనెను పురుగుమందు డబ్బాలో నిల్వ చేశారని పరిశోధనలో బయటపడింది. నూనె వాసన తేడాగా ఉందని వంటామె చెప్పినా ఆ వంటే పిల్లలకు వడ్డించారు. ఇంతటి విషపూరిత మందులను వర్ధమాన దేశాలు త్వరగా మార్కెట్ నుంచి తొలగించాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ నెలలోనే కోరింది.

రకాలు

నూనెలు, ఇంధనాలు

కిరసనాయిలు వాడకం గ్యాస్ పొయ్యిల రాకతో బాగా తగ్గినా, పూర్తిగా పోలేదు. దీపాలకు, పొయ్యి రాజేయడానికి, రంగు బ్రష్షులు కడగడానికి కొద్దిగా ఇంట్లో పెట్టుకుంటారు. ఆ కొద్దిదీ ఉండేది కూల్‌డ్రింకు సీసాలో, నేల మీద, పొయ్యి పక్కన. ఎండాకాలంలో దాహంతో ఉన్న పిల్లవాడికి అది నీళ్లలాగే కనిపిస్తుంది. పెట్రోలు, టర్పెంటైన్, పెయింట్ థిన్నర్‌లదీ ఇదే కథ.

ఇక్కడ దెబ్బ తగిలేది ప్రధానంగా ఊపిరితిత్తులకు. కిరసనాయిలు పలచగా ఉండి సులువుగా పాకుతుంది. గుక్క మింగేటప్పుడో, తర్వాత వాంతి అయ్యేటప్పుడో కొద్ది చుక్కలు శ్వాసనాళంలోకి జారితే చాలు, రసాయన న్యుమోనియా వస్తుంది. అందుకే కిరసనాయిలు తాగిన బిడ్డకు వాంతి చేయించడం రెండో ప్రమాదం తెచ్చిపెట్టడమే. దగ్గు, ఆయాసం, మూలుగు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఏ లక్షణమూ లేకపోయినా కొన్ని గంటలు వైద్యుల కళ్ల ముందు ఉంచాలి.

శుభ్రపరిచే రసాయనాలు

తెలుగు పట్టణాల వీధుల్లో ఫినాయిల్, యాసిడ్ అమ్మే బండి వస్తుంది. ఒకప్పుడు సైకిలు మీద కేకేసేవారు, ఇప్పుడు ఆటోలో రికార్డు పెడుతున్నారు. సరుకు పాత నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఉంటుంది. సీసా మీద అంటించిన కాగితం ఉంటే ఆ పాత పానీయానిదే ఉంటుంది. అందులో ఎంత గాఢత ఉందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవారికీ తెలియదు. ఫినాయిల్‌ను నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. మగ్గులో కలిపి, తడిగుడ్డ కోసం పక్కగదికి వెళ్లిన రెండు నిమిషాల్లో బిడ్డ దాన్ని అందుకోగలడు.

బాత్‌రూం యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మింగితే గొంతు నుంచి కడుపు దాకా కాల్చుకుంటూ పోతుంది. బతికిన వారిలో కొందరికి అన్నవాహిక కుంచించుకుపోయి నెలల తరబడి దాన్ని వెడల్పు చేయించుకోవాల్సి వస్తుంది. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. కొనేవారి వివరాలు నమోదు చేయాలని, 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదని చెప్పింది. ఆ తీర్పు యాసిడ్ దాడుల నేపథ్యంలో వచ్చినా, గుర్తు తెలియని సీసాల్లో వీధి అమ్మకం ఇంటి ప్రమాదాల కోణంలోనూ ఆగి తీరాలి.

రెండు శుభ్రపరిచే రసాయనాలను కలిపితే ఇంకా బాగా తెల్లబడుతుందన్న నమ్మకం ప్రాణాంతకం. బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు అదే. కిటికీ లేని చిన్న బాత్‌రూంలో కళ్లు మండి, ఊపిరి ఆడక పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. బ్లీచుకు అమ్మోనియా ఉన్న క్లీనర్ తగిలితే క్లోరమైన్ వాయువులు వస్తాయి. అవీ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

పురుగుమందులు, ఎలుకల మందులు

పురుగుమందు డబ్బాపై వజ్రం ఆకారంలో రెండు త్రిభుజాల గుర్తు ఉంటుంది. కింది త్రిభుజం రంగు విష తీవ్రతను చెబుతుంది: ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం ఓ మోస్తరు, ఆకుపచ్చ స్వల్పం. ఎరుపు డబ్బా పై త్రిభుజంలో పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. చదువు రాని వారికీ అర్థం కావాలని 1971 నాటి నియమావళిలో పెట్టిన గుర్తు ఇది. మందును వేరే సీసాలోకి పోసిన క్షణమే ఆ గుర్తు, విరుగుడు వివరం రెండూ పోతాయి. ఎలాంటి వైద్యానికైనా మొదట కావలసింది ఆ వివరమే.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల సంకేతాలను అదుపు చేసే ఎంజైమును అడ్డుకుంటాయి. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. నోటి నుంచి నురగ, చొంగ, విపరీతమైన చెమట, వాంతులు, విరేచనాలు, చివరికి శ్వాస ఆగిపోవడం. ఆట్రోపిన్ ఇంజెక్షన్లు వెంటనే మొదలుపెడితే ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది. ఈ మందులు చర్మం గుండా కూడా ఇంకుతాయి. పొలంలో తడిసిన చొక్కాతో ఇంటికి వచ్చి బిడ్డనెత్తుకోవడం కూడా ప్రమాదమే.

మందు పట్టించిన విత్తనాలు మరో ముప్పు. తినడానికి కాదని తెలిసేలా వాటికి గులాబీ, ఎరుపు రంగులు వేస్తారు. 1971-72లో ఇరాక్‌లో మిథైల్ మెర్క్యురీ పట్టించిన విత్తన గోధుమలను కడిగి, రొట్టెలు చేసుకు తిన్నారు. కడిగితే రంగు పోయింది, పాదరసం పోలేదు. 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, 459 మంది మరణించారు.

ఎలుకల మందుల్లో పేస్టు రూపంలో దొరికేదాంట్లో సాధారణంగా పసుపు భాస్వరం ఉంటుంది. టమాటా ముక్కకో, బజ్జీకో రాసి మూలన పెడతారు. ట్యూబు చూడటానికి టూత్‌పేస్టులా ఉండటంతో బ్రష్ మీద వేసుకున్న ఘటనలూ ఉన్నాయి. మొదటి రోజు వాంతులయ్యి తగ్గిపోయినట్టు అనిపించడం దీని మాయ. రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతింటుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. మూడు గ్రాముల బిళ్లలోంచి సుమారు ఒక గ్రాము వాయువు వస్తుంది. బస్తాల గదిని ఆనుకుని పడుకున్నవారు, నల్లుల కోసం ఈ బిళ్లలు పడకగదిలో పెట్టుకున్నవారు నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు దేశంలో ఎన్నో. ఇది ఇంట్లో వాడదగ్గ మందు కానే కాదు.

మందులు

ఇంటి మందుల పెట్టెలో పిల్లలకు ఎక్కువ అపాయం తెచ్చేవాటిలో ఇనుము మాత్రలు ఒకటి. గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే ఎర్రని, తియ్యని పూత ఉన్న మాత్ర చాక్లెట్ బిళ్లలా ఉంటుంది. ఎక్కువ మింగితే కడుపులో రక్తస్రావం, తర్వాత కాలేయ వైఫల్యం. పారాసెటమాల్ మోతాదు మించితే నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు తొలి గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. తాతయ్య, అమ్మమ్మల షుగరు, బీపీ మాత్రలు ఒక్కటి మింగినా పసివాళ్లకు ప్రమాదం కావచ్చు. సెలవులకు ఊరెళ్లినప్పుడు బ్యాగు పక్కజేబులో పెట్టిన మాత్రల పొట్లం దీనికి మామూలు మూలం. సిరప్పు వంటింటి చెంచాతో పోయడం మరో పొరపాటు. ఆ చెంచాలు ఒక్కోటీ ఒక్కో కొలత. సీసాతో వచ్చిన మిల్లీలీటర్ల మూతే వాడాలి.

మందు వేసేటప్పుడు "ఇది చాక్లెట్ నాన్నా" అని బుజ్జగించడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ మాట నమ్మిన బిడ్డ రేపు ఆ సీసాను తానే వెతుక్కుంటాడు.

కర్పూరం, కలరా ఉండలు, బ్యాటరీలు

పూజగదిలోని కర్పూరాన్ని విషంగా ఎవరూ అనుకోరు. పసిపిల్లల విషయంలో ఒక గ్రాము కర్పూరం ప్రాణాంతకం కావచ్చు. మింగిన కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపు మూర్ఛ వస్తుంది. జలుబుకు ఛాతీ మీద కర్పూరతైలం దట్టంగా పట్టించడం, ముక్కు దగ్గర పెట్టడం కూడా శిశువులకు మంచిది కాదు. ఆహారంలో అతి స్వల్పంగా వాడే పచ్చకర్పూరం, హారతికి వాడే కర్పూరం ఒకటి కావు. రెండూ పిల్లలకు అందకూడదు.

బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీన్. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పుట్టిన బిడ్డను చుట్టడానికి బీరువాలోంచి అప్పుడే తీసిన పాత చీర, ఆ వాసనతోనే ఆ బిడ్డకు కామెర్లు తెప్పించగలదు. కొవ్వు దీన్ని ఒంట్లోకి త్వరగా ఇంకేలా చేస్తుంది కాబట్టి, నాఫ్తలీన్ మింగిన వారికి పాలు తాగించకూడదు.

ఆటబొమ్మలు, రిమోట్లలో ఉండే గుండీ బ్యాటరీ, ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం రకం, అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రంగా కాలుస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు, మింగి 12 గంటలు కాకపోతే, ఆసుపత్రికి వెళ్తూ పది నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున తేనె ఇవ్వవచ్చని నిపుణుల సూచన. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు.

మొక్కలు

పెరటి గన్నేరు, పచ్చగన్నేరు గుండె లయను దెబ్బతీస్తాయి. ఉమ్మెత్త కాయ తింటే నోరు ఎండి, చూపు మసకబారి, మతి తప్పి మాట్లాడతారు. గురివింద గింజను నమలకుండా మింగితే గట్టి పెంకు వల్ల చాలాసార్లు అలాగే బయటకు వచ్చేస్తుంది. నమిలినా, దండకు గుచ్చడానికి రంధ్రం చేసినా లోపలి ఏబ్రిన్ బయటపడుతుంది. ఆముదం గింజల్లోని రైసిన్‌దీ అదే వరస. చేల గట్ల మీద, బడుల ప్రహరీ వెంట పెరిగే నేపాళం కాయల్లోని గింజలు రుచికి పల్లీల్లా ఉండటంతో పిల్లలు గుంపుగా తిని, గుంపుగా వాంతులతో ఆసుపత్రికి చేరుతుంటారు.

కనిపించని వాయువులు

బొగ్గుల కుంపటి, జనరేటర్, బాత్‌రూంలో బిగించిన గ్యాస్ గీజర్ గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండటం తొలి లక్షణాలు. ఇంట్లో ఉన్న వారందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే దీన్నే అనుమానించాలి. వంటగ్యాస్‌కు లీకు తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. ఈ వాయువుకు ఆ రక్షణ లేదు.

పాడుబడ్డ బావులు, సెప్టిక్ ట్యాంకుల్లో పేరుకునే వాయువులు కూడా ఇలాగే ప్రాణం తీస్తాయి. దిగిన వాడు పడిపోయాడని మరొకడు, అతని కోసం ఇంకొకడు దూకడంతో ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు పోయిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

నెమ్మదిగా ఎక్కే విషాలు

కొన్ని విషాలు ఏళ్ల తరబడి చేరతాయి. పాత పెయింట్లు, బ్యాటరీలు కరిగించే చోట్లు, కొన్ని రకాల సింధూరం, కాటుకల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అమెరికాలో భారతీయ కుటుంబాలు వాడే సింధూరం, కాటుకల్లో సీసం ఉన్నట్టు అక్కడి ఆరోగ్యాధికారులు పలుమార్లు హెచ్చరించారు. భారత ప్రభుత్వం ఇంటి పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛతో పడిపోయినప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది.

భూగర్భజలంలోని ఫ్లోరైడ్ మరో ఉదాహరణ. భారతదేశంలో దీన్ని తొలిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండలో ఎముకలు వంకర పోయిన తరాలు దీని బాధితులే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

నివారణ

నివారణలో పెద్ద పని డబ్బా దగ్గరే ఉంది. ఏ రసాయనమైనా దాని సొంత డబ్బాలోనే, అసలు చీటీతో ఉండాలి. కూల్‌డ్రింకు సీసాలో పోసిన యాసిడ్, కిరసనాయిలు, పురుగుమందును ఇంట్లోకే రానివ్వకూడదు. సింకు కింద అర చాలా ఇళ్లలో రసాయనాల స్థలం, అదే పిల్లల ఎత్తు కూడా. వాటిని తాళం పడే, పెద్దల ఎత్తుకు మించిన అరలోకి మార్చాలి. వంట సరుకుల అరలో రసాయనం ఒక్కటి కూడా ఉండకూడదు. 1958లో ఓడలో జరిగిందీ, 2013లో బడి వంటశాలలో జరిగిందీ ఈ గీత చెరిగిపోవడం వల్లే.

పురుగుమందు ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, అణగదొక్కాలి. అలా చేయకపోతే అది మళ్లీ నూనెకో, నీళ్లకో ఇంట్లోకి వస్తుంది. పొలం నుంచి వచ్చాక బట్టలు విడిచి, సబ్బుతో స్నానం చేశాకే పిల్లలను తాకాలి. ఎలుకలకు పేస్టు కన్నా బోను మేలు. గ్యాస్ గీజర్ యంత్రం బాత్‌రూం బయట ఉండాలి.

ఇంతటితో భారం మొత్తం తల్లుల మీద వేయడం అన్యాయం. అమెరికాలో పిల్లల మరణాలను తగ్గించడంలో మూత మీద చేసిన చట్టానిది పెద్ద పాత్ర. భారతదేశంలో ఇప్పటికీ చాలా యాసిడ్, ఫినాయిల్ సీసాలకు పసివాడు తిప్పినా ఊడే మామూలు మూతే ఉంటుంది. ఈ మూతల్ని మార్చాల్సింది తయారీదారులు, మార్పించాల్సింది ప్రభుత్వం.

ప్రథమ చికిత్స

ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించడం పల్లెల్లో ఇంకా ఉంది. ఇది మానాలి. యాసిడ్ వాంతితో పైకి వస్తే గొంతును రెండోసారి కాలుస్తుంది. కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు రక్తంలో సోడియంను ప్రమాదకరంగా పెంచుతాయి. వాంతి చేయించే ఐపెకాక్ సిరప్పును ఇళ్లలో ఉంచుకోవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2003లో చెప్పింది.

కంట్లో పడితే ధారగా పారే నీటితో కనీసం పావుగంట కడగాలి. ఒంటిమీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి. సాయం చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. వాయువు పీల్చిన మనిషిని బయటి గాలికి తేవాలి, బావిలోకో ట్యాంకులోకో రక్షణ పరికరాలు లేకుండా దిగకూడదు. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. తాగిన సీసా, డబ్బా, మాత్రల పట్టీ, తిన్న కాయ, ఏది దొరికితే అది ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సమాచార కేంద్రాలు

న్యూఢిల్లీ ఎయిమ్స్‌లో 1995లో ఏర్పడిన జాతీయ విష సమాచార కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800 116 117. వైద్యులే కాదు, ఇంట్లో వారు కూడా ఫోన్ చేయవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందుతుంది. అమెరికాలో ఉండే తెలుగువారికి విష సమాచార సేవ 1-800-222-1222 నంబరులో దొరుకుతుంది. ఫోన్ చేసినవారు బాధితుడి వయసు, బరువు, ఏ పదార్థం, సుమారు ఎంత, ఎంతసేపైంది అన్నవి చెప్పాలి. ఈ నంబర్లను ఈరోజే వంటింటి తలుపు మీద అంటించి పెట్టండి.